వదిన కట్టిన నల్లదారం

మా వదిన పోయింది. ఈ మాట మైకు పట్టుకుని చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే రాస్తున్నాను.

కబురు వచ్చినప్పుడు నేను అరసికెరె భజనమందిరంలో ఉన్నాను. స్తంభంలోంచి వచ్చిన స్వామి కథ చెబుతున్నాను. ఆ రాక్షసరాజుకు వరం ఉంది కదా: ఇంటి లోపల చావు రాకూడదు, ఇంటి బయటా రాకూడదు. "మరి యాడొస్తాదప్పా వానికి చావు?" అని జనాన్ని అడిగాను. అది నా అలవాటు. జనం "గడప మీద!" అని కేక వేసేదాకా నేను కథ ముందుకు కదిలించను. ఆ కేక పడుతుండగానే ఒళ్లో ఫోను అదిరింది. తిరుమణి సోలార్ పార్కులో మా అన్నతో పనిచేసే మనిషి.

"అక్కా, వదినమ్మ మిషిన్ల గది వాకిట్లో పడిపోయిందక్కా. ఆస్పత్రికి ఎత్తుకొచ్చినాము. గుండె ఆగిపోయిందంట. వదినమ్మ ఇంక లేదంట."

ఆ గది లోపల ఏసీ చలి, బయట కొలిమి. ఒక కాలు చలిలో, ఒక కాలు ఎండలో పెట్టి పడిపోయిందట. నేను చెప్పే కథకు ఇంతకంటే సరిపోయే ముక్క ఇంకొకటి దొరకదు. కానీ దాన్ని ఏ ప్రవచనంలోనూ కలపను. కలిపితే జనం మళ్లీ ఆ కేక వేస్తారు. ఆ కేక నేనిక వినలేను.

ఆమె ఏం పని చేసేదో మా ఊళ్లో చాలామందికి తెలియదు. "కంప్యూటరు పని" అనేవాళ్లు. చీటికీ మాటికీ సెల్‌ఫోను బాగు చేయమని తెచ్చిచ్చేవాళ్లు కూడా ఉండేవారు. నిజంగా ఆమె చేసింది కాపలా. పార్కులో ప్రతి సోలార్ పలకల వరసా, ప్రతి కెమెరా, కరెంటు తెంచే ప్రతి బ్రేకరూ క్షణక్షణం ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. కంట్రోల్ రూములో తెర మీద కనిపించేదంతా ఆ మాటలే. ఆ మాటలన్నీ ఒక్క మిషినులో దాస్తే, అది చచ్చిన రోజు అన్నీ పోతాయి. అందుకని వరసగా నిలబెట్టిన కొన్ని మిషిన్లలో ఒక్కొక్క మాటనూ మూడేసి చోట్ల దాస్తారు. ఆ మిషిన్ల మందకు మా వదిన కాపరి.

మంద అని ఊరికే అనలేదు. ఆమె పుట్టిల్లు నిడుగల్లు, గొర్రెలున్న ఇల్లు. పెళ్లయిన కొత్తలో నన్ను అక్కడికి తీసుకుపోయింది. "నీ ఉద్యోగం ఏంది వదినా?" అని ఆ దొడ్డి దగ్గరే అడిగాను. నేను బడి చూసింది తక్కువ. గుళ్లో పుస్తకాలు వేలు పెట్టుకుని చదివి నేర్చుకున్నదాన్ని. నాకు అర్థమయ్యేటట్టు ఎవరు చెప్తారులే అని ఎగతాళిగానే అడిగాను.

ఆమె దొడ్డి వైపు చెయ్యి చూపించింది. "ఆ పెద్ద తడిక చూడు మే. మంద పోయేదీ వచ్చేదీ దాంట్లోనే. కంప పక్కన ఆ చిన్న సందు చూడు. పిల్లల్ని తల్లుల కాడికి వదిలేది దాంట్లో. రెండూ ఒకే వాకిట్లో వదిల్తే ఏమైతాది?"

"తొక్కులాటలో పిల్లలు సస్తాయి."

"అంతే నా పని. నీకు ఇంజనీరింగ్ అయిపాయ. పట్టా తీసుకో, పో!"

తర్వాత నెమ్మదిగా మిగిలింది చెప్పింది. ఆమె మిషిన్లకూ రెండు దారులు ఉండాలి. బయటి దారిలో లోకం వస్తుంది. తెర "బ్రేకరు సంగతేంది?" అని అడుగుతుంది, కెమెరా బొమ్మలు పంపిస్తుంది, బెంగళూరు ఆఫీసు రిపోర్టు కావాలంటుంది. లోపలి దారి మిషిన్ల సొంతం. నీ దగ్గరున్నదానికి నకలు ఇవ్వు అని ఒకటి, ఇదిగో తీసుకో అని ఇంకొకటి. ఏదైనా మిషిను చచ్చిందంటే, దాంట్లో ఉన్నదంతా మిగిలినవి మళ్లీ రాసుకోవాలి. అప్పుడు లోపల మందంతా ఒక్కసారిగా కదిలినట్టే. ఆ తొక్కిడి బయటి దారిలోకి వచ్చిందంటే అడిగేవాళ్లకు జవాబు ఉండదు.

"అదొక్కటే అయితే ఫరవాలేదు మే. లోపలి దారిలో ఇంకొకటి కూడా నడుస్తాది. 'ఉండావా?' అని ఒక మిషిను అడుగుతాది. 'ఉండా' అని ఇంకొకటి అంటాది. ఎప్పుడూ అదే పని. 'ఉండా' అనేది రాకపోతే అది సచ్చిందని లెక్క."

"బతికే ఉంటే?"

"బతికే ఉన్నా అంతే. దారి కిక్కిరిసి జవాబు ఆలస్యమైనా సచ్చినట్టే లెక్క. సచ్చిందనుకోని దాని సరుకంతా మళ్లా రాసేకి మొదలుపెడతాయి. దాంతో దారి ఇంకా కిక్కిరుస్తాది. ఇంకొకటి జవాబు చెప్పలేదు. అదీ సచ్చిందంటాయి. అట్ల బతికుండేవే ఒకదాన్ని ఒకటి పాడె ఎక్కిస్తాయి."

నా నోరు ఊరుకోలేదు. "గుళ్లో మూలవిరాట్టు గడప దాటడు, ఉత్సవమూర్తి ఊరేగుతాడు. నీ లోపలి దారి మూలవిరాట్టు అన్నమాట" అన్నాను.

"ఏందో ఒకటి. నువ్వు చెప్తే జనం టెంకాయ కొడతారు. నేను చెప్తే కొటేషన్ తెమ్మంటారు" అంది.

అట్లాగే నా మీదా వేసేది. "నీకు మాత్రం దారి ఒకటే మే. కూరలో ఉప్పెక్కువైన సంగతీ, మోక్షం సంగతీ ఒకే మైకులో పోతాయి." నిజమే. మా ఇంటి ముచ్చట లేని ప్రవచనం నేను చెప్పలేదు.

ఇంట్లో మాకు ఒకే ఒక తగువు. మా ఇంట్లో ఫోనుకు సిగ్నలు గడప మీద నిలబడితేనే అందుతుంది. సెలవు రోజుల్లో ఫోను వస్తే ఆమె అక్కడే నిలబడి మాట్లాడేది. "గడప తొక్కద్దు వదినా, దిగు!" అని నేను అరిచేదాన్ని. "దేవుడు ఈడ టవర్ పెట్టినాడు, నన్నేం చెయ్యమంటావు?" అని ఆమె. నేను చెప్పే కథ తెలుసు కాబట్టి ఇంకొక మాట కూడా అనేది: "నీ రాక్షసునికే కాదు మే, నా మిషిన్లకూ గండం గడప కాడే. లోపలిదీ బయటిదీ కలిసే చోటు మంచిది కాదు."

ఆ మాటకు నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇప్పుడు దారం సంగతి. ఆ గదిలో తీగలన్నీ ఒకే బూడిదరంగువి, కాంట్రాక్టరు ఒకే కట్ట తెచ్చి పరిచేశాడు. ఏది లోపలి దారి తీగో, ఏది బయటిదో ఎవరికీ తెలియదు. టేపు ముక్కలు అంటిస్తే ఆ చలికి, దుమ్ముకు ఊడి రాలిపోయేవి. రంగు తీగలు కావాలని ఆమె అడిగింది. చూద్దాం అన్నారు. అప్పుడామె పుట్టింటి నుంచి పాత కంబళి ముక్క తెచ్చి, దాంట్లోంచి నల్లని ఉన్నిదారం లాగి, లోపలి దారి తీగలకు ఒక్కొక్కదానికీ రెండు కొసలా ముడి వేసింది. నలుపుంటే లోపలిది, లేకుంటే బయటిది. తీగలన్నీ వచ్చి దిగే పెట్టెను స్విచ్ అంటారు. దారం కట్టినవన్నీ చిన్న స్విచ్‌కు, కట్టనివన్నీ పెద్ద స్విచ్‌కు. ఆ ముడి మందలో ఆమె నాయన వేసే ముడి.

ఆ ఏడు ఆయుధపూజకు ఆమె నిడుగల్లులో ఉంది, వాళ్ల నాయనకు జబ్బు చేస్తే. మా అన్న పార్కులో బ్రేకర్ల పెట్టెలు బాగుచేసే పనిలో ఉంటాడు. అన్నా, తోటివాళ్లూ నిమ్మకాయలు, కుంకం పట్టుకుని అన్ని గదులకూ పూజ చేశారు. మిషిన్ల గదిలోకి కూడా వెళ్లారు. అన్న చూశాడు: కొన్ని తీగలకు నల్లదారం ఉంది, కొన్నిటికి లేదు. మన పక్క నల్లదారం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. బిడ్డ మొలకూ, బర్రె మెడకూ, కొత్త మోటరు బండికీ కట్టేది దిష్టి తగలకుండానే కదా. "మా ఆమె దిష్టిదారం కట్టింది, సగంలో దారం అయిపోయినట్టుంది" అనుకున్నాడు. భార్య మొదలుపెట్టిన పుణ్యం తను పూర్తి చేయాలనుకున్నాడు. కొట్లో నల్లదారం కొనుక్కొచ్చి మిగిలిన తీగలన్నిటికీ కట్టేశాడు.

పేరున్న చదువు చదివినవాడు ఎవడూ ఈ తప్పు చేయలేడు. మన ఇళ్లలో పుట్టి, పెళ్లాం మీద ప్రేమున్నవాడే చేస్తాడు.

అది జరిగిన కొన్నాళ్లకు చిన్న స్విచ్ కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి చూశాడు. అన్ని తీగలకూ నల్లదారమే, కాబట్టి అన్నీ ఒకటే అనుకుని తీసుకుపోయి పెద్ద స్విచ్‌లో గుచ్చి వెళ్లిపోయాడు. రెండు దారులూ ఒకటైపోయాయి. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. తెర వెలుగుతోంది, రిపోర్టులు పోతున్నాయి. తర్వాత ఆమె నాతో అంది: "ఏమీ కాకపోవడమే దాని విషం మే."

ఆమె తిరిగి డ్యూటీకి వచ్చిన రోజున మిషిన్లలో ఒకటి చచ్చింది. మిగిలినవి దాని సరుకు రాసుకోవడానికి కదిలాయి. మందా పిల్లలూ ఒకే వాకిట్లో పడ్డాయి. 'ఉండా' అనే మాటలు ఆ తొక్కిడిలో నలిగిపోయాయి. బతికున్న మిషిన్లను చచ్చాయని పక్కవి అనడం మొదలైంది. తెరకు కొత్త మాట అందలేదు. కొత్త మాట అందని తెర నల్లబడదు, అదీ ఘోరం. ఆఖరికి విన్న మాటనే చూపిస్తూ కూర్చుంటుంది.

ఆ సమయానికి అన్న ఒక బ్రేకరు పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ఆ లైను ఆపించి రెండు ముఠాలవాళ్లు పని చేస్తున్నారు. రెండో ముఠావాళ్లు తమ పని అయిపోయిందని, అన్నావాళ్లదీ అయిందనుకుని సబ్‌స్టేషనులో చెప్పి లైను వేయించేశారు. అది తెలియని అన్న, లైను ఆపే ఉందా అని కంట్రోల్ రూముకు ఫోను చేసి అడిగాడు. అక్కడి మనిషి తెర చూసి చెప్పాడు: "ఆఫ్ ఉండాదన్నా. కానీయ్."

మా వదిన అప్పుడే తాళంచెవులకోసం ఆ కంట్రోల్ రూములోకి వచ్చింది. ఆమె బ్రేకరు బొమ్మ చూడలేదు. తెర మూలన ఉన్న గడియారం చూసింది. ఆ గడియారం ఆగిపోయి ఉంది.

"ఎవురితో మాట్లాడినావప్పా ఇప్పుడు?" అని అడిగి, జవాబు సగంలోనే అన్నకు ఫోను కొట్టింది.

"ఉండావా?"

"ఉండా. ఏందే, పనిలో ఉంటే..."

"చెయ్యి యాడుండాది?"

"పెట్టె తలుపు మీద."

"తియ్యి. వెనక్కి జరుగు. తెర సచ్చిపోయింది, అది చెప్పేది ఇందాకటి మాట. టెస్టర్ పెట్టి చూడు."

అన్న టెస్టర్ పెట్టాడు. వెలిగింది. చచ్చిందని తెర చెప్పిన లైను నిండు ప్రాణంతో ఉంది.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది. "ఆ నల్లదారాలు ఎవురు కట్టింది?"

"నేనే. నువ్వు సగం కట్టి మరిచిపోయినావని..."

"యాలప్పా?"

"నీ మిషిన్లకు దిష్టి తగలకూడదని."

ఆమె సంగటి గిన్నె కింద పెట్టి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "నా మిషిన్లకు తగలలేదులే. నీకే తగలబోయింది" అంది. మర్నాడు అన్నను పక్కన నిలబెట్టుకుని, ఎక్కువ కట్టిన దారాలన్నీ అతని చేతనే విప్పించింది. చిన్న స్విచ్ కొత్తది పెట్టించింది. రంగు తీగలు మళ్లీ అడిగింది. చూద్దాం అన్నారు.

అప్పటినుంచి ఆలూమగల మధ్య ఒక కట్టుబాటు పెట్టింది. ఏ పెట్టె తెరిచినా ముందు ఆమెకు ఫోను రావాలి. "తెర అనేది బయటి దారి. దాన్ని అందరూ వాడతారు. నువ్వూ నేనూ లోపలి దారి. దీంట్లోకి ఎవురూ రాకూడదు" అంది. ఆమె రొట్టె తట్టుతున్నా, బస్సులో ఉన్నా, ఇంట్లో గడప మీద నిలబడినా ఆ ఫోను ఒకే రకంగా నడిచేది, మొదట అడగడం అన్న వంతు.

"ఉండావా?"

"ఉండా. టెస్టర్ పెట్టినావా?"

"పెట్టినా."

"సరే, పెట్టు చెయ్యి."

పెట్టె మూసేదాకా ఆమె ఫోను పెట్టేది కాదు. మొదట్లో అన్న తోటివాళ్లు ఎగతాళి చేశారు. "వదినమ్మ పర్మిషన్ అయిందా అన్నా?" అనేవాళ్లు. తర్వాత వాళ్లూ ఇళ్లకు ఫోను చేయడం నేర్చుకున్నారు.

వినండి. శాస్త్రం ఈ ఒంటిని తొమ్మిది వాకిళ్ల ఊరు అంటుంది. నేను దాని మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో! వాకిళ్ల దగ్గర కాపలా పెట్టండి, కంటికి కాపలా, చెవికి కాపలా, నాలుకకు కాపలా అని అరిచాను. ఊరి లోపల ఒక వీధి ఇంకొక వీధితో మాట్లాడుతోందా లేదా అని చూడమని ఎన్నడూ చెప్పలేదు. అది మా వదిన చెప్పింది, ఒకసారి చెనక్కాయలు వలుస్తూ. "బయటి దారి బాగుండి, లోపలి దారి తెగిన మిషిను ఉంటాది చూడు, అన్నిటికంటే అదే భయం. వచ్చిపోయేటోళ్లకు బాగానే కనపడతాది. పక్కనుండేవి మాత్రం అది పోయిందంటాయి. అది నేనుండా అంటాది. ఆ కొట్లాటలో మొత్తం మంద అల్లాడిపోతాది."

ఆ మాట తీసుకుపోయి, పైకి భక్తి లోపల విషం ఉన్నవాళ్ల మీద ఒక ప్రవచనమే చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లోనే ఆమె మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేది. ఎడమ భుజం నొక్కుకునేది. ఏంది వదినా అంటే "ఎండకు మే" అనేది. గడప మీద నిలబడి ఫోనులో "ఉండా" అనడానికి ముందు కొంచెం ఊపిరి తీసుకునేది. ఆ ఆలస్యం నాకు వినిపించింది. వినిపించి ఊరుకున్నాను, ఎందుకంటే బయటినుంచి చూస్తే ఆమె బాగానే ఉంది.

పెద్దకర్మ రోజున అన్న తోటివాళ్లందరూ వచ్చారు. భోజనాలయ్యాక ఒకడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నాకు కబురు చెప్పిన మనిషే. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, వదినమ్మ గుర్తుగా మేమందరం ఒక పని చేసినామక్కా."

"ఏం చేసినారప్పా?"

"కొత్త కంబళి కొని దారం తీసి, ఆ గదిలో తీగలన్నిటికీ కట్టినాము. వదినమ్మ కట్టిన మాదిరే, రెండు కొసలా. ఒక్కటి కూడా వదల్లేదు."

అన్న చేతిలో నీళ్ల చెంబు ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయి నా వైపు చూశాడు.

పొద్దస్తమానం అరవగలిగే గొంతు నాది. అయినా మెల్లగా అడిగాను. "వదిన ముందే కట్టినవి ఏవో గుర్తుండాయా?"

"యాడ గుర్తుంటాయక్కా, అన్నీ ఒకే మాదిరి ఉండాయిప్పుడు. చూసేకి శానా బాగుండాది."

"తీగలు పీకలేదు కదా?"

"లేదక్కా, యాడివాడనే ఉండాయి. కొత్త మిషిన్లు వస్తాయంట. అప్పుడు అన్నీ పీకి మార్చాలంట."

అన్న ఆఫీసులో చెప్పాడు. ఆమె చోటులోకి ఇంకా ఎవరూ రాలేదు. బెంగళూరు నుంచి మనిషి వచ్చి ఏ తీగ ఏదో చూసుకుంటాడని, అంతవరకూ ముట్టుకోవద్దని అన్నారట. మనిషి ఇంకా రాలేదు. తెర బాగానే ఉంది, గడియారం నడుస్తోంది, కంగారు ఎందుకు అంటున్నారట. ఏమీ కాలేదు కదా అంటున్నారట.

అన్న మళ్లీ పనిలోకి పోయాడు. పోక ఏం చేస్తాడు? మా వదిన ఫోను స్వామి పటం పక్కన గూట్లో పెట్టాను. దానికి చార్జింగు పెట్టడం నా పని అయింది. రోజూ ఏదో ఒక సమయంలో అది మోగుతుంది. అన్న వేలికి ఇంకొక నంబరు అలవాటు లేదు. నేను దాన్ని తీసుకుని పరుగెత్తుకుపోయి గడప మీద నిలబడతాను, వేరేచోట మాట అందదు కాబట్టి.

"ఉండావా?" అంటాడు అన్న.

దానికి జవాబు చెప్పే హక్కు నాకు లేదు. చెప్పను. "టెస్టర్ పెట్టినావా?" అంటాను.

"పెట్టినా."

"సరే, పెట్టు చెయ్యి."

తర్వాత మాటలుండవు. ఫోనులో పెట్టె తలుపు కిర్రుమంటుంది, లోపలినుంచి సన్నని హోరు వినిపిస్తుంది. నా వెనక ఇల్లు చీకటిగా, ముందు ఎండ తెల్లగా ఉంటాయి. ఆ తలుపు మళ్లీ మూసుకున్న చప్పుడు వినిపించేదాకా నేను గడప దిగను.